దుమ్ములో షూటింగ్: లెన్స్‌లోకి ధూళి వెళ్లకుండా ఏం చేయాలి, వెళ్లాక ఏం చేయకూడదు

కొమురవెల్లి మల్లన్న జాతరలో బండారి (పసుపు) గాల్లో తేలుతూనే ఉంటుంది. క్వారీలో లారీ కదిలితే చాలు, రాతిపొడి లేస్తుంది. మిర్చి యార్డులో బస్తా విప్పగానే గాలి ఎర్రబడుతుంది. ఇప్పుడు పెళ్లిళ్లలోనూ హల్దీ పేరు చెప్పి రంగుపొడి, పొగ తప్పడం లేదు. ఇలాంటి చోట్ల పనిచేసే లెన్స్‌లోకి ధూళి అసలు పోకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. లక్షలు పోసిన లెన్స్‌లోకీ కొంత పోతుంది. మన చేతిలో ఉన్నవి రెండే. పోయేది తగ్గించుకోవడం ఒకటి, పోయినదాన్ని తీయబోయి లెన్స్‌నే పాడుచేసుకోకపోవడం రెండోది. అసలు నష్టం ఎక్కువగా జరిగేది ఈ రెండో దగ్గరే.

ధూళి పోయే దారులు

24-70, 24-105, 18-135, 100-400 మి.మీ. లాంటి జూమ్‌లు చాలావరకు తిప్పగానే ముందుకు సాగుతాయి. గొట్టం సాగితే లోపలి ఖాళీ పెరుగుతుంది, దాన్ని నింపడానికి బయటి గాలి వస్తుంది. వెనక్కి తిప్పితే అదే గాలి బయటికి పోతుంది. అచ్చం సైకిల్ పంపు పనే. 1998లో వచ్చిన కెనాన్ 100-400 ఎల్ లెన్స్‌ను జూమ్ చేయాలంటే గొట్టాన్ని ముందుకు నెట్టాలి, వెనక్కి లాగాలి. దానికి ఫొటోగ్రాఫర్లు డస్ట్ పంప్ అనే పేరు పెట్టేశారు.

గాలితో వచ్చేది ఒక ఎత్తు, గొట్టం మీద కూర్చుని వచ్చేది ఇంకో ఎత్తు. బయటికి సాగిన లోపలి గొట్టం మీద పొడి పడుతుంది. వెనక్కి తిప్పితే ఆ గొట్టం పొడితో సహా లోపలికి జారుతుంది. మధ్యలో మఖమల్ లాంటి సన్నటి పట్టీ కొంత ఆపుతుంది కానీ, రోజంతా పొడి పడుతుంటే అదే పొడితో నిండిపోయి ఉప్పుకాగితంలా గొట్టాన్ని గీస్తుంది. జూమ్ రింగ్ తిప్పినప్పుడు కరకర వినిపిస్తే జరుగుతున్నది ఇదే. అప్పుడు వెంటనే తిప్పడం ఆపాలి. తిప్పితే సర్దుకుంటుందిలే అనుకోవద్దు.

మౌంట్, అంటే లెన్స్ కెమెరాకు తగిలే చోటు, మూడో దారి. లెన్స్ మార్చిన ప్రతిసారీ లెన్స్ వెనక భాగం, కెమెరా నోరు రెండూ తెరుచుకుంటాయి. పైగా జూమ్ గాలి లెన్స్ వెనక నుంచి బాడీలోకీ వెళ్తుంది. అందుకే లెన్స్ అస్సలు మార్చకపోయినా సెన్సర్ మీద చుక్కలు కనిపిస్తాయి. ఫోకస్ రింగ్, స్విచ్‌ల సందుల్లోంచీ పోతుంది కానీ, అది తక్కువే.

జూమ్ చేసినా పొడవు మారని లెన్సులు దుమ్ములో కాస్త మేలు. సోనీ 200-600, నికాన్ జెడ్ 180-600 అలాంటివి. సిగ్మా 150-600, నికాన్ 200-500 సాగుతాయి. 70-200 ఎఫ్/2.8 అన్నీ సాగవని అనుకోవద్దు: కెనాన్ పాత ఈఎఫ్ 70-200 సాగదు, 2019లో వచ్చిన ఆర్ఎఫ్ 70-200 ఎఫ్/2.8 సాగుతుంది, 2024లో వచ్చిన కెనాన్ జెడ్ మోడల్ మళ్లీ సాగదు. కొనేముందు జూమ్ రింగ్ ఒకసారి తిప్పి చూస్తే తేలిపోతుంది.

ఇక ‘వెదర్ సీల్డ్’ అన్న మాట. డబ్బా మీద ఆ మాట ఉన్నంత మాత్రాన పూర్తి రక్షణ ఉన్నట్టు కాదు. ధూళి, నీళ్ల నుంచి ఎంత రక్షణ ఉందో చెప్పేది ఐపీ రేటింగ్. ఆ రేటింగ్‌లో మొదటి అంకె ధూళికి సంబంధించింది. 6 ఉంటే ధూళి చొరబడదు. 5 అంటే కొంత చొరబడవచ్చు కానీ పని ఆగదు. లైకా ఎస్ఎల్2 రేటింగ్ ఐపీ54, ఓఎం సిస్టమ్ ఓఎం-1ది ఐపీ53. రెండిట్లోనూ మొదటి అంకె 5 మాత్రమే. పైగా సీల్ ఉన్న లెన్స్ తగిలిస్తేనే ఆ లెక్క. చాలా కంపెనీలు ఏ అంకే చెప్పవు.

మీ లెన్స్‌కు సీల్ ఉందో లేదో మౌంట్ చూస్తే కొంత తెలుస్తుంది. ఇనుప రింగు చుట్టూ సన్నటి రబ్బరు అంచు ఉండాలి. కెనాన్ 50 ఎఫ్/1.8 ఎస్‌టీఎం లాంటి చవక లెన్సులకు అది ఉండదు. కెనాన్ 16-35 ఎఫ్/2.8 ఎల్, 17-40 ఎల్ లాంటి వాటికి ముందు ఫిల్టర్ బిగిస్తేనే సీల్ పూర్తవుతుందని కంపెనీయే చెబుతుంది. వీటి ముందు గాజు బయటి గొట్టం లోపలే ముందుకూ వెనక్కూ కదులుతుంది, చుట్టూ సందు తెరిచే ఉంటుంది. యూవీ ఫిల్టర్ అవసరమా కాదా అన్న వాదన ఎలా ఉన్నా, ఈ లెన్సులతో దుమ్ములోకి వెళ్తే ఫిల్టర్ ఉండాల్సిందే.

ముందురోజు రాత్రి ఇంట్లో

1. బ్యాగు ఖాళీ చేయండి. అడుగున, పార్టిషన్ల మూలల్లో వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టండి. అది లేకపోతే తిరగేసి దులిపి, తడిగుడ్డతో తుడిచి, రాత్రంతా ఆరనివ్వండి. గత షూటింగ్ దుమ్ము బ్యాగులో ఉండగా లెన్స్‌ను ఎంత శుభ్రం చేసినా ఫలితం ఉండదు.

2. ఫిల్టర్ ఇంట్లోనే బిగించండి. ముందు ఫిల్టర్ మర, లెన్స్ మర రెండూ చేత్తో నొక్కే రబ్బరు బ్లోవర్‌తో ఊదండి. మరలో ఒక్క ఇసుక రేణువు ఉన్నా ఫిల్టర్ పట్టేసి తర్వాత ఊడిరాదు. మరీ గట్టిగా బిగించవద్దు, ఆగిన చోట ఆపండి. మల్టీకోటెడ్ ఫిల్టరే వాడండి. పూత లేని చవక ఫిల్టర్‌తో రాత్రి దీపాలు తీస్తే ప్రతి దీపానికీ ఫొటోలో ఒక దొంగ దీపం తయారవుతుంది.

3. రెండు బాడీలు ఉంటే రెండిటికీ లెన్సులు తగిలించేసి, అక్కడ మార్చే పని పెట్టుకోవద్దు. ఒక్కటే ఉంటే ఒక్క లెన్స్‌తో పని కానిచ్చేలా ప్లాన్ చేసుకోండి. నిజంగా ఘోరమైన దుమ్ములో 24-70 కన్నా 35 మి.మీ. ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) నయం. ప్రైమ్‌లలోనూ ఫోకస్ చేస్తే ముందుకు సాగేవి ఉన్నాయి, చూసుకోండి.

4. టేపు. మెడికల్ షాపులో దొరికే కాగితం మైక్రోపోర్ టేపు ఈ పనికి భలే ఉంటుంది. చేత్తో చిరుగుతుంది, తీశాక జిగురు మిగలదు. లెన్స్, బాడీ కలిసే చోట చుట్టూ ఒక వరస వేయండి. లెన్స్ మీది స్విచ్‌లను మీకు కావలసిన స్థితిలో పెట్టి వాటి మీదా వేయండి. కరెంటు పనికి వాడే నల్ల టేపు, ప్యాకింగ్ టేపు వద్దు. ఎండకు ఆ జిగురు కరిగి రబ్బరు మీద మిగిలిపోతుంది, మళ్లీ దానికే దుమ్మంతా అంటుకుంటుంది. ఫ్యాన్ ఉన్న వీడియో కెమెరాల గాలి రంధ్రాలు, మైకు రంధ్రాలు టేపుతో మూయవద్దు.

జూమ్ లెన్స్ తప్ప వేరే గతి లేకపోతే ఒక ఉపాయం ఉంది. 35 దగ్గరో 50 దగ్గరో జూమ్ ఆపి, రింగు మీద, గొట్టం సందు మీద టేపు వేసేయండి. ఆ పూటకి అది ప్రైమ్ లెన్సే. ఆటోఫోకస్ లోపల జరిగే లెన్సులకు దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు.

5. పారదర్శకమైన పాలిథిన్ కవరు తీసుకుని అడుగున హుడ్ (లెన్స్ ముందు తొడిగే గొట్టం) పట్టేంత రంధ్రం కోసి, రబ్బరు బ్యాండుతో హుడ్‌కు బిగించండి. ఫోకస్ రింగ్ మీద బ్యాండు పడకూడదు. కవరు కింది వైపు తెరిచి ఉంచండి. మే నెల ఎండలో నాలుగు వైపులా మూసిన కవరులో వీడియో తీస్తే కెమెరా వేడెక్కి ఆగిపోతుంది. షాట్‌కూ షాట్‌కూ మధ్య ముందువైపు కప్పడానికి హోటల్ గదిలో ఇచ్చే షవర్ క్యాప్ చాలు.

6. పెద్ద జిప్ కవర్లు రెండు పెట్టుకోండి. ఒకటి శుభ్రంగా ఉన్నవాటికి, రెండోది దుమ్ము పట్టినవాటికి. రెండిటి మీదా పెన్నుతో రాసుకోండి. లేకపోతే సాయంత్రానికి కలిసిపోతాయి.

తీరప్రాంతంలో ఇంకో జాగ్రత్త. విశాఖలోనో కాకినాడలోనో ఏసీ గదిలోంచి తీసిన చల్లటి కెమెరా బయటి ఉక్కలోకి రాగానే గాజు మీద తేమ పడుతుంది. ఆ తేమ మీద దుమ్ము పడితే బురదే. ఏసీ గదిలో ఉండగానే కెమెరాను జిప్ కవర్లో పెట్టి మూసి, బయటికి తెచ్చాక అరగంట అలాగే వదిలేయండి. తేమ గాజు మీద కాకుండా కవరు మీద పడుతుంది.

అక్కడ, దుమ్ములో

గాలి ఎటు వీస్తోందో చూసుకుని వీపు గాలి వైపు పెట్టండి. లారీ వస్తున్నా, పసుపు చల్లబోతున్నా లెన్స్ నేలకు దించి పట్టుకోండి. పైకి చూస్తున్న లెన్స్ మీద పడినంత పొడి కిందికి చూస్తున్న లెన్స్ మీద పడదు. హుడ్ ఎప్పుడూ ఉండాలి. ఎగిరొచ్చే రాయి ముక్కలను కూడా అది ఆపుతుంది.

జూమ్ వీలైనంత తక్కువ వాడండి. ముఖ్యంగా పొడి గాల్లో ఉన్న ఆ నిమిషం రెండు నిమిషాలు. బండారి చల్లిన క్షణంలోనే వైడ్ నుంచి టెలీకి, టెలీ నుంచి వైడ్‌కి తిప్పాలన్న తహతహ పుడుతుంది. లెన్స్ ఎక్కువగా మింగేది అప్పుడే. ముందే ఒక చోట పెట్టుకుని కాళ్లతో ముందుకూ వెనక్కూ జరగండి. గొట్టం సాగి ఉండగా పొడి పడితే, ఒక చేత్తో కవరు అడ్డం పెట్టి, మెత్తటి బ్రష్‌తో గొట్టం మీది పొడి దులిపి, ఆ తర్వాతే వెనక్కి తిప్పండి.

చేతులు కూడా చూసుకోవాలి. మేడారంలో అమ్మవార్లకు బంగారమని సమర్పించేది బెల్లం. జనంలో నలుగుతూ తిరిగితే చేతికి ఎక్కడో ఒకచోట అంటుతుంది. ఆ చేత్తో జూమ్ రింగ్ పట్టుకుంటే ఎర్రమట్టి అంతా దాని గాడిలోకి చేరి గట్టిపడుతుంది. జేబులో తడి రుమాలు ఒకటి చేతుల కోసమే పెట్టుకోండి. ఆ రుమాలు లెన్స్ దగ్గరికి పోనీయవద్దు. మిర్చి యార్డులో సంగతి వేరు. వ్యూఫైండర్ రబ్బరు మీద కారం పడితే తర్వాతి షాట్‌కు కన్ను పెట్టగానే మంట. అక్కడ స్క్రీన్ చూసి తీయడమే సుఖం.

లెన్స్ మార్చక తప్పకపోతే:

1. కారులోకి వెళ్లండి. అద్దాలు ఎత్తండి, ఏసీ, దాని ఫ్యాన్ ఆపండి, ధూళి దిగడానికి ఐదు నిమిషాలు ఆగండి. కారు లేకపోతే పెద్ద జిప్ కవర్లో చేతులు పెట్టి మార్చండి.
2. కెమెరా ఆఫ్ చేయండి. ఆఫ్ చేయగానే సెన్సర్ ముందు షట్టర్ మూసుకునే సదుపాయం కొన్ని మిర్రర్‌లెస్‌లకు ఉంటుంది. కెనాన్ ఈఓఎస్ ఆర్‌లో ఉంది, సోనీ ఆల్ఫా 7 ఫోర్‌లో మెనూలోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. నికాన్ జెడ్9లో దీనికి వేరే తెరే ఉంది. మూసుకున్న షట్టర్ రేకులు చాలా సన్నటివి. వేలు తగిలినా, దగ్గర నుంచి బ్లోవర్ కొట్టినా దెబ్బతింటాయి.
3. మౌంట్ చుట్టూ పైపైన బ్రష్ చేయండి. టేపు ఉంటే అప్పుడు తీయండి.
4. రెండో లెన్స్ వెనక మూత ముందే సగం తిప్పి పెట్టుకోండి. కెమెరా నోరు నేల వైపు ఉంచి పాతది తీసి, వెంటనే కొత్తది ఎక్కించండి. ఐదు సెకన్లకు మించి తెరిచి ఉండకూడదు.
5. వెనక మూత లోపల కూడా ఊదండి. జేబులో వేసిన మూతకు అంటిన నూగు తిన్నగా లెన్స్ వెనక గాజు మీదికి చేరుతుంది.

అక్కడ ఉన్నంతసేపూ గాజును గుడ్డతో తుడవడం లేదు, అంతే. చొక్కా అంచు, కండువా, కళ్లజోడు గుడ్డ ఏదీ వద్దు. బ్లోవర్ మాత్రమే. దానికీ పద్ధతి ఉంది: దుమ్ము గాల్లో బ్లోవర్ నొక్కి వదిలితే అదే దుమ్ము పీల్చుకుని తిరిగి గాజు మీద కొడుతుంది. పక్కకు రెండుసార్లు గట్టిగా నొక్కి, లోపలిది ఖాళీ చేసి, గాలి కాస్త తేటగా ఉన్న చోట నింపుకుని అప్పుడు వాడండి.

ఏ పొడితో ఏం ముప్పు

ఇసుక, గ్రానైట్ పొడిలో క్వార్ట్జ్ ఉంటుంది. మోస్ కొలతలో దాని గట్టిదనం 7. మామూలు గాజుది ఐదున్నర, ఆరు. పొడి మీద గుడ్డ పెట్టి రుద్దితే గీత పడడం ఖాయం, పూత ముందుగా పోతుంది. వరి ఊకలోనూ సిలికా ఉంటుంది కాబట్టి కళ్లం దగ్గరి దుమ్మునూ, మిల్లు దుమ్మునూ ఇసుకలాగే చూడండి.

పసుపు మెత్తనిది, గీయదు, కానీ రంగు అంటిస్తుంది. దాని రంగు ఆల్కహాల్‌లో బాగా కరుగుతుంది. అందుకే పసుపు పడ్డ లెన్స్ మీద మొదటే లెన్స్ లిక్విడ్ గానీ స్పిరిట్ గానీ పోస్తే ఆ పసుపంతా కరిగి రబ్బరు గ్రిప్‌లోకి ఇంకుతుంది, ఇక పోదు. ముందు పూర్తిగా పొడిగానే దులపాలి. సిమెంటుకూ ఇదే సూత్రం, కారణం వేరు: తడి తగిలితే అది గట్టిపడుతుంది.

సముద్రపు తుంపర దీనికి పూర్తి విరుద్ధం. ఉప్పు పొడిగా దులిపితే పోదు, గింజలుగా మిగిలి గాలిలోని తేమ పీల్చుకుని లోహాన్ని తింటుంది. మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో అదే రోజు బయటిభాగం తుడవాలి. కచ్ రణ్‌లో తెల్లటి నేల మీద తిరిగొచ్చిన ట్రైపాడ్ కాళ్లకూ ఇదే వైద్యం. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో లేచే పత్తి నూగు ఊదితే పోతుంది, ఒక్క జూమ్ సందులో ఇరుక్కున్నది తప్ప. దాన్ని పట్టకారుతో బయటికి లాగాలి, లోపలికి నెట్టకూడదు.

ఇంటికొచ్చాక

ఫ్యాన్ ఆపండి. నేల మీద పాత దుప్పటి కాకుండా పేపర్ పరవండి. లెన్స్ బాడీకే ఉండాలి, మూత పెట్టే ఉండాలి, టేపు కూడా అలాగే ఉండాలి. జూమ్ ఇంకా తిప్పవద్దు.

ముందు బయటిభాగం. పెయింట్ షాపులో దొరికే కొత్త అంగుళం బ్రష్, మెత్తటిది, ఈ పనికే కేటాయించండి. మౌంట్ దగ్గర మొదలుపెట్టి ముందుకు దులపాలి, రింగుల గాళ్ల వెంట చుట్టూ. తర్వాత బ్లోవర్. ఆ తర్వాత టేపు తీసి ఆ అంచు మీద మళ్లీ బ్రష్.

ఇప్పుడు జూమ్. లెన్స్ నేలవైపు చూసేలా పట్టుకుని గొట్టాన్ని నెమ్మదిగా పూర్తిగా సాగదీయండి. సాగిన గొట్టం మొదట్లో, సరిగ్గా సందు దగ్గర, సన్నటి పొడి వలయం కనిపిస్తుంది. దానికోసమే ఈ కష్టమంతా. దాన్ని బ్రష్‌తో సందు నుంచి దూరంగా లాగండి, ఊదండి, పొడి మైక్రోఫైబర్ గుడ్డ గొట్టం చుట్టూ చుట్టి ఒక్కసారి తిప్పి తీయండి. వెనక్కి తిప్పి, మళ్లీ సాగదీయండి. కొత్త వలయం కనిపిస్తే మళ్లీ ఇదే పని. కనిపించకుండా పోయేవరకు చేయాలి. సందులోకి బ్లోవర్ ముక్కు పెట్టి ఊదవద్దు, బయట ఉన్నది లోపలికి పోతుంది.

తర్వాత ఫిల్టర్ తీయండి. పట్టేస్తే వెడల్పు రబ్బరు బ్యాండు చుట్టూ వేసి, అరచేత్తో సమంగా పట్టుకుని తిప్పండి. రెండు వేళ్లతో గట్టిగా నొక్కితే రింగు వంకరపోయి మరింత బిగుస్తుంది. ఫిల్టర్‌ను కుళాయి కింద కడగవచ్చు. గీతలు పడితే పారేయవచ్చు. దాన్ని కొన్నది అందుకే.

గాజు మీద మరక ఉంటేనే తడి. ఊదాలి, బ్రష్, మళ్లీ ఊదాలి. అప్పుడు లెన్స్ టిష్యూ మీద లిక్విడ్ రెండు చుక్కలు. గాజు మీద ఎప్పుడూ నేరుగా వేయకూడదు, అంచు నుంచి లోపలికి జారుతుంది. మధ్యలో మొదలుపెట్టి సున్నాలు చుడుతూ అంచుకు రండి. ఒక్క తుడుపు, టిష్యూ పడేయండి. వెనక గాజు విషయంలో ఇంకా జాగ్రత్త, అక్కడి వేలిముద్ర ముందు గాజు మీది పది మచ్చలకన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది.

పంక్చర్ షాపు కంప్రెసర్‌తో గాలి కొట్టించడం చాలామంది చేసే పని. ఆ గాలిలో నూనె ఉంటుంది, నీళ్లుంటాయి, ఆ ఒత్తిడికి సీల్ దాటి పొడి లోపలికి పోతుంది. డబ్బాలో వచ్చే స్ప్రే గాలి వంచి కొడితే ద్రవం చిమ్ముతుంది. నోటితో ఊదితే ఉమ్మి పడుతుంది. లెన్స్‌ను బియ్యంలో పెడితే ఉన్న దుమ్ముకు బియ్యప్పిండి తోడవుతుంది. జూమ్ సందు దగ్గర వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టి లోపలి ధూళి లాగేస్తామనేవాళ్లూ ఉన్నారు. ఒక సందులోంచి లాగిన గాలి ఇంకో సందులోంచి ధూళి తెచ్చుకుంటుంది.

లోపల చుక్క కనిపించింది. ఇప్పుడు?

ముందు ఆ ఫోన్ టార్చి పక్కన పెట్టండి. టార్చి వేసి ఏటవాలుగా చూస్తే డబ్బాలోంచి అప్పుడే తీసిన లెన్స్‌లో కూడా ధూళి కనిపిస్తుంది. చూడాల్సింది ఫొటోలో.

లెక్క చూడండి. 70 మి.మీ. వెడల్పున్న ముందు గాజు మీద అర మి.మీ. రేణువు ఉంటే అది మూసేది గాజులో సుమారు 20 వేలలో ఒక వంతు. 200 మి.మీ. దగ్గర ఎఫ్/2.8లో గాజు దాదాపు మొత్తం వాడకంలో ఉంటుంది కాబట్టి ఆ రేణువు ఉన్నా లేనట్టే. అదే రేణువు 24 మి.మీ. లెన్స్ మీద, ఎఫ్/16లో ఉందనుకోండి. ఒక్కో దిక్కు నుంచి వచ్చే కాంతి అప్పుడు 24ను 16తో భాగించిన ఒకటిన్నర మి.మీ. వెడల్పు దారిలోనే లోపలికి వస్తుంది. అర మి.మీ. రేణువు అందులో తొమ్మిదో వంతు అడ్డుకుంటుంది, ఆకాశంలో మసక మచ్చగా కనిపిస్తుంది. పెళ్లిళ్లలో ఎఫ్/2.8 దాటని లెన్స్‌లో నాలుగు చుక్కలుంటే వాటిని మరిచిపోవచ్చు. క్వారీనో కొండలనో ఎఫ్/16లో వైడ్‌గా తీసేవాళ్లు మాత్రం పరీక్ష చేసుకోవాలి.

పరీక్ష ఇలా. అపర్చర్ (కాంతి వచ్చే రంధ్రం) ఎఫ్/16 లేదా ఎఫ్/22, ఐఎస్ఓ 100, మాన్యువల్ ఫోకస్ ఇన్ఫినిటీలో పెట్టి, దగ్గర్లోని తెల్ల గోడను కెమెరా కొంచెం కదిలిస్తూ తీయండి. కంప్యూటర్లో 100 శాతం పెద్దది చేసి మూలమూలా చూడండి. చిన్నగా, నల్లగా, స్పష్టంగా ఉన్న చుక్క సెన్సర్ మీదిది. వేరే లెన్స్ పెట్టి తీసినా అది అక్కడే ఉంటుంది. మసక మచ్చ లెన్స్ మారితే పోయినా, జూమ్ తిప్పితే జరిగినా, సైజు మారినా అది లెన్స్‌లోది. లెన్స్ సర్వీసుకు ఇద్దామని అనుకున్నవాళ్లకు తేడా సెన్సర్‌లో బయటపడడం మామూలే. సెన్సర్ శుభ్రం చేయడం చాలా తేలిక: ముందు మెనూలోని సెన్సర్ క్లీనింగ్, తర్వాత బ్లోవర్, ఆఖరికి స్వాబ్ (సెన్సర్ తుడిచే పుల్ల). ఫుల్ ఫ్రేమ్‌కు 24 మి.మీ., ఏపీఎస్-సీకి 16 మి.మీ. స్వాబ్, ఒక్కోటి ఒక్కసారే.

రెండో పరీక్ష చీకటి గదిలో. దూరంగా ఒక చిన్న ఎల్ఈడీ పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఫోకస్ తప్పించి తీయండి. వెలుగు ఒక పెద్ద బిళ్లలా వస్తుంది, లెన్స్‌లో ఏముందో ఆ బిళ్ల మీద నీడగా పడుతుంది. విడివిడి చుక్కలు ధూళి. సాలెగూడులా, వేర్లలా పాకిన గీతలు ఫంగస్. బిళ్ల శుభ్రంగా ఉన్నా ఎదురువెలుగులో తీసిన ఫొటోలన్నీ పాలు కలిపినట్టు వెలవెలబోతుంటే లోపల పలచటి పొర పేరుకుందని అనుమానించాలి. ధూళిని పట్టించుకోకుండా వదిలేయవచ్చు, అది పెరగదు. ఫంగస్ పెరుగుతుంది, దాన్ని వాయిదా వేయవద్దు. దుమ్ములోంచి వచ్చిన లెన్స్‌ను తోలు పౌచ్‌లో పెట్టి నెలలు మరిచిపోతే ఫంగస్‌కు అంతకన్నా మంచి ఇల్లు ఉండదు. తేమ 40-50 శాతం మధ్య ఉండే డ్రై క్యాబినెట్, అది కుదరకపోతే గట్టి మూత డబ్బాలో సిలికా జెల్, రంగు మారినప్పుడల్లా ఆరబెడుతూ.

విప్పాలా?

చాలావరకు వద్దు. కెనాన్ 17-55 ఎఫ్/2.8 లాంటి కొన్ని లెన్సులకు ముందు గాజు కింద ధూళి చేరుతుందని ఎప్పటినుంచో పేరు. దాని పేరు రాసి ఉన్న ముందు రింగు జిగురు మీద అంటుకుని ఉంటుంది, కింద స్క్రూలు. వినడానికి తేలికే. కానీ ముందు గాజును ఫ్యాక్టరీలో ఒక స్థానంలో సరిచేసి బిగిస్తారు. గుర్తు పెట్టుకోకుండా తీసి కొద్దిగా తిప్పి పెట్టినా ఫొటోలో ఒక మూల మసకబారుతుంది. పైగా జపాన్ లెన్స్ స్క్రూలకు జపాన్ ప్రమాణమైన జేఐఎస్ స్క్రూడ్రైవర్ కావాలి. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ పెడితే జారి తల అరిగిపోతుంది. చుక్క పోయి మసక మూల వచ్చిందంటే బేరం నష్టమే.

పరీక్ష ఫొటోలో మచ్చ నిజంగా ఇబ్బంది పెడుతుంటేనే సర్వీసుకు ఇవ్వండి. ఇచ్చేముందు ఈ రెండు పరీక్షల ఫొటోలు, ఇంకా ఇటుక గోడనో, అక్షరాలున్న పెద్ద పోస్టర్‌నో ట్రైపాడ్ మీద నుంచి తిన్నగా, పూర్తి అపర్చర్‌లో తీసిన ఫొటో ఒకటి దాచుకోండి. ఏ గాజులు తీస్తారో, బిగించాక ఆప్టికల్ అలైన్‌మెంట్ చూస్తారో లేదో, సీల్ రబ్బర్లు, పట్టీ కొత్తవి వేస్తారో లేదో అడిగి బిల్లు మీద రాయించుకోండి. తిరిగొచ్చిన రోజే అదే గోడను, అంతే దూరం నుంచి, అదే సెట్టింగ్‌లో మళ్లీ తీయండి. నాలుగు మూలలూ పాత ఫొటోతో పక్కపక్కన పెట్టి చూడండి. ఒక మూల మాత్రమే మెత్తబడి ఉంటే అలైన్‌మెంట్ తప్పింది. రెండు ఫొటోలూ చూపించి సర్వీసు వారంటీ గడువు దాటకముందే వెనక్కి ఇచ్చేయండి.